మా వైపు పూయని గోడ

మా ఇంట్లో హాలు మధ్య గోడ పడిపోవడానికి ఒక పూట పట్టింది. దాన్ని ఎవరు పడగొట్టాలన్నది తేలడానికి ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాదంతా మావారు చర్చిలో ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి, వెళ్ళలేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు మా బంధువులు గోడ దగ్గర మొదలుపెట్టి నా మొండితనం దగ్గర ఆపుతారు. అసలు గోడ ఎలా వచ్చిందో ఒక్కరూ చెప్పరు. అందుకని నేను అక్కడి నుంచి మొదలుపెడతాను.

అమలాపురం నుంచి ముమ్మిడివరం వెళ్ళే దారిలో బస్సు దిగి, కాలవ గట్టు వెంట కాస్త నడిస్తే మా అత్తవారి ఊరు. ఇల్లు మా మామగారు కట్టించినది. ఆయన మిషను బడిలో హెడ్మాస్టరు చేశారు. పెంకుటిల్లు. ముందు అరుగు, అరుగు దాటితే ఇంటి వెడల్పంతా ఒకే హాలు, హాలు వెనక అటూ ఇటూ గదులు. ఆయన పోయాక చర్చి సంఘ పెద్దలు కూర్చుని అన్నదమ్ములిద్దరికీ గదులు పంచారు. హాలు మాత్రం ఉమ్మడి అన్నారు. రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన జరిగేది అక్కడే కనుక దాన్ని పంచాలని ఎవరికీ తోచలేదు.

మా బావగారు, అంటే మావారి అన్నగారు, అమలాపురం కోర్టులో గుమస్తా. మావారూ నేనూ సమితి బడుల్లో టీచర్లం. మా అత్తగారు ఒక నెల వాళ్ళ దగ్గర, ఒక నెల మా దగ్గర భోంచేసేవారు.

సాయంత్రాలు నేను ఆ హాల్లో పిల్లలకు ప్రైవేటు చెప్పేదాన్ని. వర్షాకాలం వాళ్ళ కాళ్ళకు బురద ఉండేది. అది మా తోటికోడలికి గిట్టేది కాదు. "బడి బళ్ళో ఉండాలి గాని కొంపలో ఏంటి చెల్లీ" అనేది. నాకన్నా పెద్దది కదా అని నేను మారు మాట్లాడకుండా గచ్చు కడిగేదాన్ని. అలా కడిగిన రోజులు వాళ్ళకు గుర్తుండవు. నాకు గుర్తే.

డెబ్భైల మధ్యలో ఒక వేసవిలో పురిటికని రాజోలు, మా పుట్టింటికి వెళ్ళాను. పాపకు మూడో నెల వచ్చాక మావారు వచ్చి తీసుకొచ్చారు. బస్సు దిగి ఇల్లు చేరాక నేను అరుగు మెట్లెక్కబోతుంటే ఆయన సంచి పట్టుకుని, "ఇటు రా" అని పక్క సందులోకి నడిచారు. గచ్చు పనేదో జరుగుతోంది కాబోలు అనుకున్నాను. కొబ్బరి చెట్ల మధ్య నుంచి వెళ్ళి పక్క తలుపు తీస్తే, హాలు సగమే ఉంది. మధ్యలో గోడ. ఒంటి ఇటుక గోడ, దూలం ఎత్తు దాకా లేపి ఆపేశారు. పైన పెంకుల దాకా ఖాళీ. వీధి గుమ్మం వాళ్ళ వైపు పోయింది. మాకు ఒక కిటికీ మిగిలింది.

"ఎప్పుడు కట్టేరు?" అన్నాను.

"నువ్వెళ్ళిన వారానికి."

"మీరెక్కడున్నారు?"

"ఇక్కడే ఉన్నాను. అన్నయ్య మేస్త్రిని తీసుకొచ్చేసేడు. పిల్లల గోల పడలేకపోతున్నామన్నాడు. ఏవంటాను? నువ్వొచ్చేక చెబుదాంలే అనుకున్నాను."

గోడ కట్టడం ఒక ఎత్తు, దాన్ని కట్టిన తీరు ఒక ఎత్తు. వాళ్ళ వైపు నున్నగా సిమెంటు పూత పూసి, సున్నం వేసుకున్నారు. మా వైపు ఇటుకలు ఇటుకల్లాగే వదిలేశారు. వరసల మధ్య నుంచి కారిన సిమెంటు అలాగే గడ్డకట్టి ఉంది. చెయ్యి ఆనిస్తే గీరుకుంటుంది. పాప పాకడం నేర్చుకున్నది ఆ గోడ పక్కనే. పాప మోచేతులు ఎన్నిసార్లు గీరుకున్నాయో నేనే చూశాను.

మా ప్రాంతంలో ఒక పద్ధతి ఉంది. పక్కవాళ్ళ వైపుకు గోడ కట్టుకున్నవాళ్ళు అటు వైపు కూడా తామే పూత పూయించాలి. అందుకు పరంజా వాళ్ళ జాగాలో వేసుకోవాలి కనుక, ముందుగా వెళ్ళి అడగాలి. "మీ వైపు నిలబడి పని చేసుకుంటాం" అనాలి. ఎంత తగువులున్న వాళ్ళయినా ఆ ఒక్క మాట అడుగుతారు. మా బావగారు కోర్టులో పనిచేసే మనిషి, ఆయనకు ఈ పద్ధతి తెలియక కాదు. మా వైపు పూయాలంటే మమ్మల్ని అడగాలి. అడగడం ఇష్టం లేక వదిలేశారు. నాకు బాధ అక్కడే.

అలా గడిచిపోయింది. మా అమ్మాయి వయసూ ఆ గోడ వయసూ ఒకటే. పేరుకే గోడ, పైకప్పు దాకా లేదు కనుక అటు మాటలు ఇటు, ఇటు పొగ అటు. సాయంత్రం ప్రార్థన రెండు వైపులా జరిగేది. వాళ్ళు పాట ఎత్తుకుంటే అది అయ్యేదాకా మేం ఆగేవాళ్ళం. మా అత్తగారు అవతల ఉన్న నెలల్లో కూడా, మేం పాడుతుంటే అక్కడి నుంచే గొంతు కలిపేవారు. తోటికోడలు ఏదో అంటే, "పాటకేవిటే, గోడుందా దానికి" అనడం మాకు వినిపించేది.

మావారు నెమ్మదైన మనిషి. సంఘంలో పెద్ద. నెలకొకసారి, మొదటి ఆదివారం బల్ల ఇచ్చేటప్పుడు అయ్యగారి, అంటే పాస్టరుగారి, పక్కన నిలబడి గిన్నెల పళ్ళెం పట్టుకునేది ఆయనే. మిగతా దేనిలోనూ ముందుకు రారు గాని ఆ పని మాత్రం ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. శనివారం రాత్రే తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని చిలక్కొయ్యకు తగిలించుకునేవారు.

ఎనభైలు వచ్చాక మా సంఘానికి కొత్త అయ్యగారు వచ్చారు. కుర్రాయన. ఇళ్ళు చూడ్డానికి వస్తూ ముందు బావగారింట్లో ప్రార్థన చేశారు. లేచి, "తమ్ముడుగారిల్లు ఎటండీ?" అన్నారు.

"ఇదేనండి" అన్నారు బావగారు, గోడ చూపించి.

ఆయన చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగి, సందులోంచి నడిచి, మళ్ళీ చెప్పులు విడిచి మా వైపు వచ్చి కూర్చున్నారు. గోడ కేసి చూశారు. ఇంటి గురించి అడిగితే మావారు ఏదో సర్దిచెప్పబోయారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గోడ అవతల వింటున్నారని తెలిసే చెప్పాను.

ఆ పై వారం అయ్యగారు కబురు పంపారు. తోడబుట్టిన వాళ్ళ మధ్య గోడ పెట్టుకుని బల్లకు రావడం తగదు, గోడ తీసి సమాధానపడేదాకా రెండిళ్ళ వాళ్ళూ ఆగాలి, ముఖ్యంగా సంఘ పెద్ద ఆగాలి అని.

శిక్ష ఇద్దరికీ అన్నారు గాని పడింది ఒకరికే. బావగారు చర్చికి వచ్చేది క్రిస్మస్‌కూ ఈస్టరుకూ. ఆయనకు ఇది పట్టలేదు. నేనూ బల్లకు వెళ్ళలేదు గాని నా సంగతి వేరు. నాకు కోపం ఉంది. కోపం పెట్టుకుని వెళ్ళకూడదని నాకూ తెలుసు. మావారికి ఎవరి మీదా కోపం లేదు. ఆయన వెనక వరసలో కూర్చుని, తన పళ్ళెం ఇంకొకాయన పట్టుకుంటే చూసేవారు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకునేవారు. ఇస్త్రీ మాత్రం మానలేదు.

చివరికి ఆయనే వెళ్ళి అయ్యగారిని బతిమాలితే, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ బావగారి అరుగు మీద చేరారు. అయ్యగారు, ఇద్దరు సంఘ పెద్దలు, అన్నదమ్ములు, అత్తగారు. నేను సందులోంచి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాను. తోటికోడలు గుమ్మంలో నిలబడింది.

బావగారు ముందే అందుకున్నారు. "తీసెయ్యమనండి. నాకేం అభ్యంతరం లేదు."

"ఎవరు తియ్యాలండీ?" అన్నారు అయ్యగారు.

"ఇబ్బందెవరికో వాళ్ళు. మాకేం ఇబ్బంది లేదు గదండీ."

"కట్టినవాళ్ళు తియ్యాలండి" అన్నాను నేను. "మేం తీస్తే, మేం కట్టుకుని మేం తీసినట్టుంటుంది."

"కట్టించింది ఎవరి మూలానో అదీ చెప్పమనండి" అంది తోటికోడలు గుమ్మంలోంచి.

పెద్దల్లో ఒకాయన, "ఈ గొడవంతా ఎందుకండీ, మన యువజనులు నలుగురొస్తే గంటలో పడేస్తారు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఊళ్ళో వాళ్ళు వచ్చి తీస్తే ఎవరూ తీసినట్టు కాదు. బావగారు కాసేపు ఆలోచించి, "పోనీ, సగం మేం తీస్తాం, సగం వాళ్ళు తీస్తారు" అన్నారు.

"ఏ సగం అండీ?" అన్నారు రెండో పెద్దాయన. "నిలువునా, అడ్డంగానా?"

"మా వైపు సగం మేం."

"అది ఒంటిటుక గోడండీ బాబూ. దానికి మీ వైపేంటి, వాళ్ళ వైపేంటి. ఇటుకని మధ్యకి చీలుస్తారా?"

అయ్యగారు కూడా నవ్వారు. ఎవరో అత్తగారిని అడిగారు, మీరేమంటారమ్మా అని. "కట్టినప్పుడు నన్నెవరూ అడగలేదండి. ఇప్పుడడిగితే ఏం చెప్పను? కాఫీ తాగుతారా?" అన్నారావిడ.

అప్పుడు నేను నా మాట చెప్పాను. "ముందు మా వైపు పూత పూయించమనండి. ఆ తరవాత తియ్యమనండి."

మొదటి పెద్దాయన, "పడగొట్టే గోడకి పూతేంటమ్మా?" అన్నారు.

"అటు గోడ ఉందండి. ఇటు ఇటుకలే ఉన్నాయి. రెండు వైపులా గోడ చేసి అప్పుడు తియ్యమనండి. మా వైపు నిలబడి పని చెయ్యడానికి మమ్మల్ని అడగమనండి. కట్టినప్పుడు అడగాల్సింది, ఇప్పుడైనా అడగమనండి."

"పిచ్చి గాని" అని తోటికోడలు లోపలికి వెళ్ళిపోయింది. బావగారు లేచి కండువా దులుపుకున్నారు. మీటింగు అయిపోయింది.

ఆ రాత్రి మావారు నా మీద గొంతెత్తారు. పెళ్ళయిన తరవాత అదే మొదలు. "నీ పూత కోసం నేను బల్లకి దూరంగా ఉండాలా? రేపు నేనే గునపం తెచ్చి తీసేస్తాను."

"తియ్యండి. మీరు తీస్తే మనం తప్పు చేసినట్టు. నేను మళ్ళీ ఈ విషయం ఎత్తను. మిమ్మల్ని ఇంకేదీ అడగను కూడా."

ఆయన తియ్యలేదు. గోడ అవతల నుంచి దగ్గు వినిపించింది. మర్నాడు పొద్దున్న తోటికోడలు ఎసట్లో బియ్యం పోస్తూ కాబోలు, గోడతో అన్నట్టుగా అంది: "కొందరికి మొగుడి ఆత్మ కన్నా గోడ పూత ఎక్కువ." ఆ మాట అన్న రోజు సోమవారం. నేను సంచి తీసుకుని బడికి వెళ్ళిపోయాను. కాని ఆ మాట మర్చిపోలేదు.

ఇలాగే నెలలు గడిచాయి. దారిలో ఎదురైతే సంఘంలోని ఆడవాళ్ళు నన్ను పలకరించి, వెంటనే "మీవారు ఎలా ఉన్నారండీ" అని అడిగేవాళ్ళు, ఆయన జబ్బు మనిషైనట్టు. ఆ జబ్బు నేను తెచ్చిపెట్టానని వాళ్ళ అర్థం. బావగారి వంక ఎవరూ వేలు చూపించలేదు. ఆయన అమలాపురంలో ఉద్యోగం చేసే పెద్దమనిషి.

తరవాత అవసరం వాళ్ళకే వచ్చింది. బావగారి పెద్దబ్బాయికి కొత్తపేట వైపు సంబంధం కుదిరింది. పెళ్ళి చర్చిలో జరగాలంటే ముందు వరసగా మూడు ఆదివారాలు ఫలానా వాళ్ళకు పెళ్ళని ఆరాధనలో ప్రకటన చదవాలి. అయ్యగారు బావగారితో, "రెండిళ్ళ వాళ్ళూ బల్లకు రాకుండా ఉన్నారు, నేను ఆ ఇంటి పెళ్ళి ప్రకటన ఎలా చదువుతానండీ" అన్నారట. పైగా పిల్ల తరఫు వాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తారు. హాలు మధ్య గోడ చూస్తే అన్నదమ్ములు కొట్టుకున్న ఇల్లని వాళ్ళకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఒక సాయంత్రం పక్క సందులో అడుగుల చప్పుడైంది. దడి దగ్గర నిలబడి, "తమ్ముడున్నాడా అమ్మా?" అన్నారు బావగారు. గోడ కట్టాక ఆయన మా వైపు రావడం అదే మొదలు.

"ఉన్నారండి. లోపలికి రండి."

కుర్చీ నేనే వేశాను. గోడకు ఎదురుగా వేశాను, దాచేదేముంది. ఆయన కూర్చుని మంచినీళ్ళు తాగారు. మావారు పక్కన నిలబడ్డారు. బావగారు గ్లాసు కింద పెట్టి గోడ వంక చూశారు. కిటికీలోంచి వచ్చే వెలుతురు దాని మీద అడ్డంగా పడి, కారిన సిమెంటు ముద్దలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. మా అమ్మాయి అందినంత మేరకు సుద్దముక్కతో ఇటుకల మీద ఎక్కాలు రాసింది.

"ఇలాగుందా ఇది" అన్నారు.

"ఆయ్. ఇలాగేనండి" అన్నాను.

ఆయన నా వంక చూడకుండా, తమ్ముడి వంకా చూడకుండా అన్నారు: "రేపు మేస్త్రిని పంపుతానమ్మా. మీ వైపు నిలబడి పని చేసుకోవాలి. పంపనా?"

"పంపండి" అన్నాను.

క్షమించమనలేదు. తప్పయిందనలేదు. నేను అడగమన్నది ఆ ఒక్క మాట, ఆ ఒక్క మాట అడిగారు. నేను అంతకన్నా ఎక్కువ కోరి ఉండాల్సిందని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

మేస్త్రి వచ్చి పరంజా వేసుకుంటూ, "ఇది పూసేక పడగొడతారంట గదండీ" అన్నాడు.

"అవును."

"మరి గట్టిగా పూయాలా, పైపైన పూయాలా?"

"అటు ఎలా ఉందో ఇటూ అలాగే పూయి."

పూశాడు. ఎక్కాలన్నీ సిమెంటు కిందకు వెళ్ళాయి. గోడ నున్నగా, బూడిదరంగులో, మొదటిసారి గోడలా కనిపించింది. పూత పగుళ్ళివ్వకుండా ఉండాలంటే తడపాలి కదా, నేను పొద్దున్నా సాయంత్రం చెంబుతో నీళ్ళు చల్లాను. ఆ నెల మా దగ్గర ఉన్న అత్తగారు మంచం మీద కూర్చుని చూసి, "పెళ్ళికూతురికి పోసినట్టు పోస్తున్నావే" అని నవ్వారు. నవ్వినా సరే, తడిపాను. చేయించుకున్న పని సగంలో వదిలెయ్యడం నాకు రాదు. మా అమ్మాయి దాన్ని తడిమి తడిమి చూసుకునేది.

తియ్యడం సోమవారం అనుకున్నారు. మేస్త్రే ఇద్దరు మనుషుల్ని తెచ్చుకుని వాళ్ళ వైపు నుంచి మొదలుపెడతానన్నాడు. కట్టించినవాళ్ళ మనిషి, కట్టించినవాళ్ళ వైపు నుంచి. నాకు కావలసింది అదే.

శనివారం పొద్దున్న నేను పెరట్లో అంట్లు తోముకుంటుంటే లోపల దబ్‌మని చప్పుడైంది. వెళ్ళి చూస్తే మావారు లుంగీ పైకి కట్టుకుని, గునపం పట్టుకుని ఉన్నారు. కొత్త పూత మధ్యలో తలకాయంత గుంట పడింది.

"సోమవారం మేస్త్రి వస్తాడు గదండీ" అన్నాను.

"రేపు మొదటి ఆదివారం" అన్నారు.

కట్టినవాళ్ళే మొదటి దెబ్బ వెయ్యాలన్న మాట అలా పోయింది. ఆయన చేతిలోంచి గునపం లాక్కోవచ్చు. లాక్కుంటే మరో నెల ఆయన వెనక వరసలో కూర్చోవాలి. నేను మా అమ్మాయిని పక్కకు లాగి నిలబడ్డాను.

రెండో దెబ్బకే అవతల నుంచి, "ఎవరదీ?" అని తోటికోడలు కేక వేసింది. మూడో దెబ్బకు చిల్లు పడి అటు వెలుతురు ఇటు వచ్చింది. చిల్లులోంచి బావగారి ముఖం కనిపించింది, సగం గడ్డం గీసుకుని, సగం సబ్బు నురగతో.

"మేస్త్రి సోమవారం గదరా" అన్నారు.

"నువ్వు అటు జరుగన్నయ్యా. ఇటుక పడుద్ది."

ఆయన జరగలేదు. ముఖం తుడుచుకుని వచ్చి, అటు నుంచి వదులైన ఇటుకలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి గోడ మోకాలెత్తు మిగిలింది. తోటికోడలు అవతల నుంచి చీపురు తెచ్చి తన వైపు ఊడ్చుకుంది. నేను నా వైపు ఊడ్చుకున్నాను.

ఆదివారం మావారు తెల్లచొక్కా వేసుకున్నారు. గోళ్ళ కింద సిమెంటు ఎంత రుద్దినా పోలేదు. అయ్యగారు ఆయన్ని పేరు పెట్టి ముందుకు పిలిచి పళ్ళెం చేతికిచ్చారు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని చూశాను. బావగారు కూడా వెళ్ళి మోకరించారు.

ఆడవాళ్ళ వరస కదిలినప్పుడు నేను లేవలేదు. మొగుడి ఆత్మ గురించి తోటికోడలు అన్న మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు. నాకు రెండు బారల దూరంలో తోటికోడలు కూడా లేవకుండా కూర్చుంది. ఆవిడకు నా మీద ఏముందో నేను అడగలేదు. లేవలేని ముసలివాళ్ళ కోసం మావారు పళ్ళెం పట్టుకుని మా వరస చివరిదాకా వచ్చి, నా ముందు ఒక్క క్షణం ఆగి, తల ఊపి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చాక కడుపునిండా అన్నం తిన్నారు.

పై నెల మొదటి ఆదివారం నేను బల్లకు వెళ్ళాను. ఆయన కోసం వెళ్ళాను. తోటికోడలు ఎప్పుడు వెళ్ళిందో నేను చూడలేదు.